నోటీసు వచ్చేసరికి నూనె సముద్రంలో ఉంటుంది

2023 డిసెంబరులో ఉత్తర చెన్నై ఒకే నెలలో రెండుసార్లు దెబ్బతింది. 4వ తేదీన మిచాంగ్ తుపాను వరద మణలి పారిశ్రామిక వాడను ముంచెత్తింది. రిఫైనరీ వైపు నుంచి నూనె కలిసిన నీరు బకింగ్‌హాం కాలువలో పడి, చిత్తూరు జిల్లావాళ్లకు కుశస్థలిగా తెలిసిన కొసస్థలై నదిని కలుపుకొని ఎన్నూరు మొగకు చేరింది. 26వ తేదీ అర్ధరాత్రికి కాస్త ముందు పెరియకుప్పం దగ్గర మరో ప్రమాదం. ఓడ నుంచి ఎరువుల కర్మాగారానికి అమ్మోనియా తెచ్చే సముద్రగర్భ పైపు లీకైంది. ఊళ్లకు ఊళ్లు నిద్రలోంచి లేచి రోడ్డున పడ్డాయి. కర్మాగారం గేటు దగ్గర గాలిలో అమ్మోనియా ఘనపు మీటరుకు 2,090 మైక్రోగ్రాములు ఉన్నట్టు కాలుష్య నియంత్రణ మండలి కొలిచింది. పరిమితి 400. సముద్రపు నీటిలో లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 49 తేలింది.

ఈ రెండు చోట్లా నిబంధనల కొరత లేదు. లైసెన్సులున్నాయి, అనుమతులున్నాయి, విపత్తు ప్రణాళికలు బైండింగు చేసి అలమారాలో ఉన్నాయి. లోపం అమలు జరిగే సమయంలో ఉంది. లీకు ఎంత పెద్దదవుతుందో రెండు కాలాలు తేలుస్తాయి. ఒకటి, పైపు గోడ పలచబడుతూ వచ్చిన గత పదేళ్లు. రెండోది, వాల్వు మూసే మొదటి పావుగంట. మన తనిఖీ వ్యవస్థ ఆ పదేళ్లలో కాగితాలు చూస్తుంది, పావుగంట గడిచిన చాలా రోజులకు మనుషులను పంపుతుంది.

ఎవరి పొలిమేర ఎవరిది

చెన్నై పోర్టులో ఓడ దిగిన ఒక్క చుక్క ముడిచమురు వెంట నడిస్తే సంగతి బోధపడుతుంది. జెట్టీ మీద ఉన్నంతసేపు అది పోర్టు బాధ్యత. పైపులోకి ఎక్కాక 1934 పెట్రోలియం చట్టం, 2002 పెట్రోలియం నియమాల కింద పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, అంటే పెసో, పరిధిలోకి వస్తుంది. పైపు ఎలా వేయాలి, ఎంత లోతున పాతాలి, ఎప్పుడు పరీక్షించాలి అన్న ప్రమాణాలు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, అంటే ఓఐఎస్‌డీ, రాసింది. 1986లో పుట్టిన ఈ సంస్థ పెట్రోలియం మంత్రిత్వ శాఖ నీడలోనే ఉంటుంది. సముద్రం మీది పనులకు 2008 నుంచి దానికి చట్టబద్ధమైన అధికారం ఉంది కానీ, నేల మీద మాత్రం దాని మాట చాలావరకు సలహా దగ్గరే ఆగుతుంది. 2006 చట్టంతో వచ్చిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు, పీఎన్‌జీఆర్‌బీ, ఉత్పత్తుల పైపులైన్లకూ గ్యాసు లైన్లకూ సాంకేతిక, భద్రతా ప్రమాణాలు పెట్టింది. పైపు మీదున్న రోడ్డు మాత్రం కార్పొరేషన్‌ది. తవ్వడానికి అనుమతి ఇచ్చేది వాళ్లే.

కంపెనీ కంచె దాటి లోపలికి వెళితే పరిశ్రమల భద్రత, ఆరోగ్య డైరెక్టరేట్ (అందరూ డిష్ అనే అంటారు), దానితోపాటు పొల్యూషన్ బోర్డు. అదే చుక్క వాననీటి కాలువలోంచి బయటపడి బకింగ్‌హాం కాలువను చేరితే జలవనరుల శాఖ. మొగ దగ్గర మడ చెట్లకు అటవీ శాఖ, వలలకు మత్స్య శాఖ. సముద్రంలోకి వెళ్లాక 1996 నాటి జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక ప్రకారం సమన్వయం తీర రక్షక దళానిది. తెట్టు ఒడ్డుకు కొట్టుకొస్తే శుభ్రం చేయించాల్సింది మళ్లీ రాష్ట్ర యంత్రాంగం.

ప్రతి పొలిమేర దగ్గరా ఒక ఫోను, ఒక ఉత్తరం, "ఇది మా పరిధి కాదు" అన్న ఒక జవాబు. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ పోర్టు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం ఓడలు ఢీకొన్నప్పుడు ఒలికింది చాలా తక్కువేనని మొదట చెప్పారు. రోజులు గడిచేకొద్దీ లెక్క టన్నుల నుంచి వందల టన్నుల వైపు పెరిగింది. తీరం పొడవునా పేరుకున్న నల్లటి మడ్డిని వాలంటీర్లు, కార్మికులు బకెట్లతో తోడటం దేశమంతా చూసింది. దాదాపు ఏడేళ్ల తర్వాత ఎన్నూరులో మళ్లీ అదే దృశ్యం: జాలర్ల చేతుల్లో మగ్గులు, పడవల్లో డ్రమ్ములు. ప్రణాళికలో నీటి మీది నూనెను తోడే స్కిమ్మర్లు, నీటిపై తేలుతూ దాన్ని ఆపే బూమ్‌లు ఉన్నాయి. అవి ఏ షెడ్డులో ఉన్నాయి, ఎన్ని గంటల్లో కాలువ గట్టుకు వస్తాయి అన్నది తనిఖీ ఫారంలో లేదు.

వచ్చినా పని చేయాలంటే కొన్ని లెక్కలు తెలియాలి. బూమ్‌కు ఎదురుగా నీటి వేగం సుమారు 0.7 నాట్లు, అంటే సెకనుకు 35 సెంటీమీటర్లు, దాటితే నూనె దాని కిందనుంచి జారిపోతుంది. వరద రోజున బకింగ్‌హాం కాలువ ఆ వేగాన్ని సులువుగా దాటుతుంది. అడ్డంగా కట్టిన బూమ్ అప్పుడు అలంకారమే. దాన్ని ప్రవాహానికి ఏటవాలుగా వేసి, నూనెను ఒక గట్టువైపు మళ్లించి, అక్కడ పీల్చాలి. ఆలస్యమైతే ఇంకో చిక్కుంది. నూనె నీటితో చిలికి చిక్కటి జిగురు ముద్దవుతుంది. అందులో మూడొంతులు నీరే ఉండటం మామూలు, కాబట్టి ఎత్తాల్సిన పరిమాణం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది, పంపులు మొరాయిస్తాయి. మొదటి రోజు పది మంది చేసే పనికి వారం తర్వాత వంద మంది చాలకపోవడానికి కారణం ఇదే.

రిజిస్టరులో కదలని అంకె

ఇప్పుడు పదేళ్ల సంగతి. భూమిలో పాతిన ఉక్కు పైపుకు రెండు రక్షణలుంటాయి. ఒకటి పైన పూత. పాత లైన్లకు కోల్‌తార్, కొత్తవాటికి మూడు పొరల పాలిథీన్. రెండోది కాథోడిక్ ప్రొటెక్షన్, క్షేత్రంలో సీపీ అంటారు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నుంచి వచ్చే కరెంటును మట్టిలోని యానోడ్ల ద్వారా పైపుకు అందిస్తారు. పూత ఎక్కడ చిల్లుపడినా అక్కడ తుప్పు పట్టకుండా ఈ కరెంటు కాపాడుతుంది. పైపుకూ మట్టికీ మధ్య పొటెన్షియల్, పీఎస్‌పీ, మైనస్ 0.85 వోల్టుకూ మైనస్ 1.2 వోల్టుకూ మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే తుప్పు, మించితే పూత ఊడటం.

కొలిచే పద్ధతి చిన్నది. దాదాపు కిలోమీటరుకొకటి ఉండే టెస్ట్ లీడ్ పాయింటు పెట్టె తెరిచి, పైపు కేబులుకు మల్టీమీటరు ఒక వైరు తగిలిస్తారు. రెండో వైరు జానెడు గొట్టంలాంటి హాఫ్ సెల్‌కు. అందులో నీలంగా మైలుతుత్తం ద్రావణం ఉంటుంది, అడుగున నీరు ఊరే బిరడా. నేల మీద కాసిని నీళ్లు పోసి, తడి మట్టిలో దాన్ని గుచ్చి, అంకె చూడాలి. కరెంటు నడుస్తుండగా తీసిన అంకెలో మట్టి నిరోధం వల్ల వచ్చే వోల్టేజీ కూడా కలిసి ఉంటుంది. మీటరు మైనస్ 1.10 చూపిస్తున్నా, కరెంటు ఆపిన క్షణంలో అసలు విలువ మైనస్ 0.78 కావచ్చు. అందుకే చుట్టుపక్కల రెక్టిఫయర్లన్నిటికీ ఇంటరప్టర్లు బిగించి, నాలుగు సెకన్లు ఆన్, ఒక సెకను ఆఫ్ లాంటి లయలో, ఆ ఆఫ్ అంకెను పట్టుకోవాలి. ఇది కూలి, సమయం, ముగ్గురు నలుగురు మనుషులు కావలసిన పని. ఆన్ అంకె రాయడానికి ఒక్కడు చాలు, ఒక్కోసారి ఆ ఒక్కడు కూడా అక్కడికి వెళ్లనక్కర్లేదు.

తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టరులో నెల నెలా మైనస్ 1.10, 1.10, 1.11 చూసి సంతకం పెట్టి వెళతారు. అనుమానించాల్సింది సరిగ్గా అక్కడే. ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు, తండయారుపేట నేలలో ఉప్పు ఉంది. మే నెలలో ఎండిన మట్టికీ నవంబరు వానకు నానిన మట్టికీ నిరోధం బాగా మారుతుంది. అంకె ఏడాది పొడవునా కదలకపోతే దాని అర్థం పైపు బాగుందని కాదు, ఎవరో కుర్చీలో కూర్చుని రాశారని. మంచి ఇన్‌స్పెక్టరు రిజిస్టరు పక్కనపెట్టి, తన ఇష్టమైన మూడు టెస్ట్ పాయింట్లు ఎంచుకొని, ఎదురుగా నిలబడి కొలిపించుకుంటాడు. అరపూట పని.

సీపీ అంకె నిజంగా బాగున్నా తుప్పు ఆగని సందర్భం ఒకటుంది. పాత కోల్‌తార్ పూత పైపును వదిలి, ఊడిపడకుండా సంచిలా వేలాడుతుంటుంది. ఆ సందులోకి నీరు చేరుతుంది, కరెంటు చేరదు. రైలు పట్టాల కింద తొడుగుగా వేసే కేసింగ్ పైపును లోపలి పైపు తాకినా ఇంచుమించు ఇదే తంతు. ఇలాంటివి పట్టుకోవాలంటే పైపు లోపల నడిచే తనిఖీ పరికరాన్ని, ఇంటెలిజెంట్ పిగ్‌ను, పంపాలి. అది గోడను అయస్కాంతీకరించి, లోహం తగ్గిన చోట బయటికి వచ్చే క్షేత్రాన్ని రికార్డు చేస్తుంది. దానికీ పరిమితి ఉంది: మామూలుగా ఇచ్చే హామీ, పదింట ఎనిమిది సార్లు, గోడ మందంలో పది శాతం అటూ ఇటూగా. రిపోర్టులో 50 శాతం అని ఉంటే నిజం 40 కావచ్చు, 60 కావచ్చు. కాబట్టి కొన్ని చోట్ల తవ్వి, గోడను అల్ట్రాసోనిక్ మీటరుతో కొలిచి, పిగ్ చెప్పిందీ కొలతా సరిపోయాయా చూడాలి. "పిగ్గింగ్ చేశారా?" అన్న ప్రశ్నకు అవునంటే టిక్కు పడుతుంది. "ఎన్నిచోట్ల తవ్వి చూశారు, తేడా ఎంత?" అన్నది అడిగేవాళ్లు అరుదు. పైగా నగరం మధ్యలోని పాత పొట్టి లైన్లలో చాలావాటికి పిగ్ వెళ్లే దారే ఉండదు: వంపులు బిగువు, వాల్వులు ఇరుకు, దాన్ని లోపలికి ఎక్కించే లాంచర్ పెట్టడానికి స్థలం లేదు.

అలాంటి ఇరుకు పేటల్లో లీకు ఎలా బయటపడుతుందో తండయారుపేట 2013లో చూపించింది. పైపులైను నుంచి కారిన ఇంధనం బోరు నీళ్లలో తేలింది, ఇళ్లలో వాసన వేసింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం దాకా వెళ్లింది. డీజిల్ నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భ జలం మీద పొరలా నిలుస్తుంది. చెన్నైలో ఈశాన్య రుతుపవనాలకు నీటిమట్టం పైకి లేస్తుంది, వేసవికి దిగుతుంది. ఆ పొర కూడా దానితో లేచి దిగుతూ మధ్యలోని మట్టినంతా పులుముతుంది. అందుకే శుభ్రం చేశామన్నాక కూడా ఏటా కొన్ని నెలలు వాసన మళ్లీ వస్తుంది. బావిలో తేలిన పొర మందాన్ని బట్టి నేలలో ఎంత ఉందో లెక్కగట్టడమూ పొరపాటే. బావిలో అది మామూలుగా ఎక్కువగానే కనిపిస్తుంది.

అలారం మోగినా

పెద్ద లైన్లకు కంట్రోల్ రూములో లీక్ డిటెక్షన్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. లోపలికి వెళ్లిన పరిమాణం, బయటికి వచ్చిన పరిమాణం, ప్రెషరు, ఉష్ణోగ్రత కలిపి చూస్తుంది. గంటకు 2,000 కిలోలీటర్లు నడిచే లైను అనుకుందాం. ప్రవాహంలో అర శాతం తేడాను గుర్తించగలదు అంటే బాగా పనిచేస్తున్నట్టే. ఆ అర శాతం గంటకు 10 కిలోలీటర్లు, రోజుకు 240. అంటే 12 కిలోలీటర్ల ట్యాంకర్లు 20 నేలలో ఇంకినా తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది. సన్న రంధ్రాల లీకులు ఎప్పుడూ ఈ గీత కింద బతుకుతాయి.

వాటికి మందు స్టాటిక్ టెస్ట్. పంపింగ్ లేనప్పుడు రెండు వాల్వుల మధ్య ప్రెషరు పట్టి ఉంచి, పడుతుందా చూడటం. ఇక్కడ ఒక పాత సాకు ఎదురవుతుంది: "రాత్రి చల్లబడింది సార్, అందుకే రెండు కేజీలు పడింది." కేజీలంటే ఇక్కడ చదరపు సెంటీమీటరుకు కేజీల ప్రెషరు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. నిండుగా మూసిన ద్రవంలో ఒక డిగ్రీ తగ్గినా ప్రెషరు అనేక కేజీలు పడగలదు. అయితే మీటరు లోతున మట్టి ఒక్క రాత్రిలో డిగ్రీ చల్లబడదు. పైపు పక్కన మట్టి ఉష్ణోగ్రత కొలిచిన రికార్డు ఉంటే సాకో నిజమో ఐదు నిమిషాల్లో తేలుతుంది. లేకపోతే లీకు ఉష్ణోగ్రత ఖాతాలో పడిపోతుంది.

అలారాన్ని నమ్మకపోవడం ఎంత ఖరీదో 2010 జులైలో అమెరికా మిచిగన్ రాష్ట్రంలోని మార్షల్ దగ్గర తెలిసింది. 30 అంగుళాల ముడిచమురు లైను చీలింది. అలారాలు మోగాయి. పైపులో ద్రవం విడిపోయి ఖాళీ ఏర్పడిందని భావించిన ఆపరేటర్లు లైనును రెండుసార్లు మళ్లీ నడిపారు. 17 గంటల తర్వాత బయటి మనిషి ఫోను చేస్తే గానీ లీకని తెలియలేదు. బయటికి పోయిన నూనెలో 81 శాతం ఆ రెండు స్టార్టప్‌లలోనే పోయిందని అక్కడి దర్యాప్తు తేల్చింది. అప్పటి నియంత్రణ సంస్థ జరిమానా 37 లక్షల డాలర్లు.

వాల్వు మూయడం కూడా స్విచ్చు నొక్కినంత తేలిక కాదు. చెన్నై పోర్టు నుంచి మణలికి దశాబ్దాలు 30 అంగుళాల లైను పనిచేశాక 42 అంగుళాలది వేశారు. అంత పైపులో కిలోమీటరుకు సుమారు 850 కిలోలీటర్లు పడుతుంది, అంటే 70 ట్యాంకర్లు. సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతున్న చమురును ఒక్కసారిగా ఆపితే దాదాపు పది కేజీల ప్రెషరు అదనంగా పుడుతుంది. బలహీనంగా ఉన్న ఇంకో చోట చీలుతుంది. అందుకని వాల్వును మెల్లగా మూస్తారు, ముందు పంపు ఆపిస్తారు. ఓడలో పంపు ఆపాల్సింది ఓడ సిబ్బంది. కాబట్టి మాక్ డ్రిల్‌లో కొలవాల్సింది అంబులెన్సు ఎప్పుడొచ్చింది అని కాదు. కంట్రోల్ రూము నుంచి ఓడకు వాకీటాకీలో మాట అంది, పంపు ఆగి, వాల్వు పూర్తిగా మూసుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందీ అని.

అమ్మోనియా లైను కథ దీనికి ఇంకో పక్క. ద్రవ అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందుకే ఓడ నుంచి సరుకు దించే ముందు పైపును మెల్లగా చల్లబరుస్తారు. పెరియకుప్పంలో లీకు బయటపడింది ఆ ప్రీకూలింగ్ దశలోనే. తుపాను అలలకు పైపు చుట్టూ ఉన్న బండరాళ్లు కదిలి దెబ్బతీసి ఉండవచ్చన్న అనుమానం విచారణలో వచ్చింది. తుపానుకూ ప్రీకూలింగ్‌కూ మధ్య మూడు వారాలున్నాయి. తుపాను తర్వాత డైవర్లు దిగి చూసి సంతకం చేస్తేనే లైను వాడాలన్న ఒక్క వాక్యం అనుమతి పత్రంలో ఉండి ఉంటే, ఆ మూడు వారాలు సరిపోయేవి.

నగరంలో నీళ్లు

అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అనే గ్రామం పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక నుంచి కొండపల్లి వెళ్లే 18 అంగుళాల గ్యాసు లైను పగిలి, మబ్బులా కమ్మిన గ్యాసు అంటుకొని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ లైను పొడి గ్యాసుకు ఉద్దేశించింది. నడిచింది తడి గ్యాసు. నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసి లోపలి నుంచి ఉక్కును తిన్నాయి. నీటిని తీసే డీహైడ్రేషన్ యూనిట్ లేదు. అనుమతి "పొడి గ్యాసు" అన్న రెండు మాటల మీద నిలబడి ఉంది. వాటిని ఎవరూ గ్యాసులో తేమను చెప్పే డ్యూ పాయింట్ మీటరుతో పోల్చి చూడలేదు. కాగితం మీది ఊహను క్షేత్రంలో కొలవకపోతే అమలు అనే మాటకు అర్థం లేదు. అది ఇక్కడ తేలినంత తేటగా మరెక్కడా తేలలేదు.

జరిమానా లెక్క

డబ్బు దగ్గరికి వస్తే లెక్కలు చూసి ఆశ్చర్యపడక తప్పదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పర్యావరణ పరిహారానికి వాడే సూత్రంలో ఐదు గుణకాలున్నాయి: పరిశ్రమ కాలుష్య సూచిక, ఉల్లంఘన రోజులు, రూపాయల్లో ఒక రేటు, పరిశ్రమ పరిమాణం, ఊరి జనాభా. కాలుష్యం ఎక్కువగా ఉండే రెడ్ కేటగిరీకి 80, రేటు మామూలుగా 250, పెద్ద పరిశ్రమకు 1.5, కోటి దాటిన నగరానికి 2. గుణిస్తే రోజుకు 60,000 రూపాయలు. ఏడాదికి 1.05 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేసే మణలి రిఫైనరీ స్థాయి సంస్థకు ఇది క్యాంటీన్ ఖర్చు. రోజుల లెక్కతో నడిచే ఈ సూత్రం పొగగొట్టం నుంచి నెలల తరబడి వచ్చే కాలుష్యానికి పనికొస్తుంది. ఒక్క రాత్రిలో జరిగే ఒలుకుకు సరిపోదు. పీఎన్‌జీఆర్‌బీ చట్టంలో ఒక ఉల్లంఘనకు గరిష్ఠంగా కోటి రూపాయలు, కొనసాగితే రోజుకు 10 లక్షలు. అందుకే పెద్ద కేసుల్లో నష్టాన్ని విడిగా అంచనా వేయాల్సి వస్తోంది. అమ్మోనియా లీకుకు 5.92 కోట్ల పరిహారం లెక్క అలాగే వచ్చింది.

ఎన్నూరు తెట్టుకు తమిళనాడు ప్రభుత్వం 8.68 కోట్ల సాయం ప్రకటించింది: 2,301 జాలరి కుటుంబాలకు 12,500 చొప్పున, 787 పడవలకు 10,000 చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 చొప్పున. నూనె పట్టిన నైలాన్ వల ఉతికితే పోదు, కొత్తది కొనాల్సిందే. ఎన్నూరు చేప అంటేనే మార్కెట్లో మొహం తిప్పుకున్న రోజుల నష్టం ఈ లెక్కల్లో ఏ గడిలోనూ పట్టదు.

వాన ముందు చూడాల్సినవి

మణలి వరదలో పైపు పగల్లేదని కంపెనీ చెప్పింది. అదే నిజమనుకున్నా ఊరట ఏమీ లేదు. నూనె బయటికి పోవడానికి పైపే పగలక్కర్లేదు. రిఫైనరీలో మూడు రకాల కాలువలుంటాయి: నూనె నీరు పోయేది, కలుషితమయ్యే అవకాశమున్న వాననీటిది, శుభ్రమైన వాననీటిది. ట్యాంకుల చుట్టూ కట్టే గట్ల (డైకుల) వాల్వులు, నీటి నుంచి నూనెను వేరుచేసే సెపరేటరు, ఆ నీటిని వదిలేముందు నిలిపే గార్డ్ పాండ్ అన్నీ ఒక స్థాయి వాన దాకానే లెక్కగట్టినవి. దాన్ని మించితే సెపరేటరు పొంగుతుంది, మూడు కాలువల నీరూ కలిసి ప్రహరీ గేటు దగ్గరి డ్రెయిన్ గుండా బయటికి పోతుంది.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మూడో వారానికి వస్తాయి. సెప్టెంబరులో తనిఖీకి వెళ్లేవాళ్లు అడగాల్సినవి పెద్ద విషయాలేమీ కావు. సెపరేటరు పైన పేరుకున్న నూనె మందం ఎంత, చివరిసారి ఎప్పుడు తీశారు? గార్డ్ పాండ్ సగం ఖాళీగా ఉందా, నిండుగా ఉందా? డైకు వాల్వులు మూసి, తాళం వేసి ఉన్నాయా? బయటి డ్రెయిన్ మీద గేటు ఉంటే చేత్తో తిప్పించి చూడాలి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన గేటు డ్రాయింగులో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఆ గేటు తిప్పే చక్రం ఎక్కడుంది, రాత్రి రెండింటికి వాన పడితే దాన్ని తిప్పే మనిషి ఎవరు, అతనికి ఆ చోటికి వెళ్లేందుకు నడుము లోతు నీటిలో దారుందా?